ప్యానెల్ ఎండలో, సెల్లు నీడలో: సిరొంచ వేసవిలో నికెల్ సెల్ల చార్జింగ్

ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే మన సిరొంచ వైపు ఎండకు కరువు లేదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని ఊరికే అనలేదు. ఇంటి మీద చిన్న సోలార్ ప్యానెల్ ఒకటి పెట్టుకుంటే టార్చి సెల్లు, రేడియో సెల్లు ఏళ్ల తరబడి పైసా ఖర్చు లేకుండా నిండుతాయని చాలామంది అనుకుంటారు. నిండుతాయి, నిజమే. కానీ రెండు వేసవులు తిరిగేసరికి అవే సెల్లు చచ్చిపోయాయంటే దానికి కూడా చాలాసార్లు ఆ ఎండే కారణం. ప్యానెల్‌కు కావలసింది వెలుతురు, సెల్‌కు పడనిది వేడి. రెండూ ఒకే పొద్దు నుంచి ఒకేసారి దిగుతాయి. వాటిని విడదీయడమే ఇక్కడ అసలు పని.

చేనుకు రాత్రి కావలి పోయేవాళ్ల తల టార్చి, తునికాకు కల్లం దగ్గర లాంతరు, ఆకాశవాణి వినే చిన్న రేడియో, పిల్లల బొమ్మలు: వీటన్నిటిలో పడేవి పెన్సిల్ సెల్లు. డబ్బా మీద డబుల్ ఏ అని ఉంటుంది. అంతకంటే సన్నవి ట్రిపుల్ ఏ. ఇక్కడ చెప్పే లెక్కలన్నీ ఈ రెండు సైజుల రీచార్జబుల్ నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లకు. పాత ఎమర్జెన్సీ లైట్లలో, పాత కార్డ్‌లెస్ ఫోన్లలో ఉండేవి నికెల్ కాడ్మియం. అవి కాస్త మొండివి, ఎక్కువ చార్జింగును కొంత ఓర్చుకుంటాయి. మామూలు జింక్ సెల్లను, ఆల్కలైన్ సెల్లను మాత్రం ఏ ప్యానెల్‌కూ తగిలించకండి. అవి కారతాయి, ఒక్కోసారి పగులుతాయి కూడా.

సెల్ మీద రాసిన అంకె

డబుల్ ఏ సైజులో నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్ నిజంగా పట్టగలిగేది 1900 నుంచి 2700 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్ అవర్లు, సెల్‌లో పట్టే చార్జి కొలత) వరకు, అంతే. ట్రిపుల్ ఏ అయితే 700 నుంచి 1000 దాకా. సంతలో 4000, 5000 అని రాసి అమ్మేవి అబద్ధం. అరచేతిలో తూచి చూసినా తెలిసిపోతుంది. మంచి డబుల్ ఏ సెల్ 26 నుంచి 31 గ్రాములు తూగుతుంది, నకిలీది తేలిగ్గా ఉంటుంది. మూడు పెద్ద సెల్ల టార్చికని అమ్మే రీచార్జబుల్ డి సైజు సెల్లలోనూ ఇదే మోసం ఉంది. పైన లావు డొల్ల, లోపల ఒక పెన్సిల్ సెల్. అసలైన డి సెల్ 150 గ్రాములకు పైనే ఉంటుంది.

మన వాడకానికి ఎక్కువ అంకె ఉన్నవాటి కంటే నిలవలో చార్జి పోగొట్టుకోని రకం మేలు. సాన్యో కంపెనీ 2005లో ఎనీలూప్ పేరుతో తెచ్చింది ఈ రకమే. ఇప్పుడు అది పానాసోనిక్ చేతిలో ఉంది, వేరే కంపెనీలూ ఇదే పద్ధతిలో చేస్తున్నాయి. వీటి సామర్థ్యం 2000 దగ్గరే ఉంటుంది కానీ ఏడాది పక్కన పెట్టినా చాలా భాగం చార్జి మిగులుతుంది. పాత రకం 2500 సెల్ నెల రోజుల్లోనే ఐదో వంతు, వేడిలో అయితే ఇంకా ఎక్కువ పోగొట్టుకుంటుంది. ముసురు పట్టి పది రోజులు పొద్దు కనపడని ఊళ్లో ఏది పనికొస్తుందో వేరే చెప్పక్కర్లేదు. చార్జి అయి ఉన్నవే అమ్ముతున్నామని ప్యాకెట్ మీద రాసి ఉంటే ఈ రకమే అనుకోవచ్చు.

పదో వంతు, పదహారు గంటలు

నికెల్ సెల్లకు పాత, నమ్మకమైన లెక్క ఒకటుంది. సామర్థ్యంలో పదో వంతు కరెంటును 16 గంటలు ఇస్తే ఖాళీ సెల్ నిండుతుంది. 2000 ఎంఏహెచ్ సెల్‌కు 200 మిల్లీ ఆంపియర్లు. 200ను 16తో హెచ్చిస్తే 3200 వస్తుంది కదా, 2000 పట్టే సెల్‌కు అంత ఎందుకు? నెమ్మదిగా పోసేటప్పుడు పోసినదంతా నిలవదు, మూడో వంతుకు పైనే వేడిగా, లోపల పుట్టే ఆక్సిజన్‌గా పోతుంది. ఆ ఆక్సిజన్ తిరిగి రెండో పలక మీద కలిసిపోతుంది కాబట్టి సెల్ పగలదు. పదో వంతు కరెంటుకు ఈ కలయిక సరిపోయేంత వేగంగా జరుగుతుంది. అందుకే రెండు మూడు గంటలు ఎక్కువైనా సెల్‌కు పెద్ద నష్టం లేదు. అదే సగం వంతు, అంటే ఆంపియర్ చొప్పున పోస్తూ ఆపడం మరిచిపోతే గ్యాసు పుట్టే వేగం ముందుంటుంది. సెల్ కాలిపోయేంత వేడెక్కి మూత దగ్గరి వాల్వు తెరుచుకుంటుంది. అక్కడి నుంచి లోపలి తడి పోయిన సెల్ ఎప్పటికీ కోలుకోదు.

సెల్ లోపల వేడి 45 డిగ్రీలు దాటితే ఈ లెక్క మొత్తం చెడుతుంది. వేడి సెల్‌లో చార్జింగ్ పని కంటే ఆక్సిజన్ పుట్టే పని ముందుగా మొదలవుతుంది. ఎంత పోసినా సగమే నిలిచే రోజులుంటాయి. మే నెలలో చంద్రపూర్, గడ్చిరోలి జిల్లాల్లో నీడలోనే 45 చూసే రోజులు ఉన్నాయి. నల్ల ప్లాస్టిక్ డబ్బాలో సెల్లు పెట్టి ప్యానెల్ వెనకే అతికించి అమ్మే చార్జర్లు ఉన్నాయి. ఆ ఎండలో ప్యానెల్ వెనక భాగం 60 దాటుతుంది. ఆ డబ్బా చలి దేశాలకు తగినదేమో, ఇక్కడ మాత్రం అది సెల్లను ఉడకబెట్టే గిన్నె. అలాంటిది కొన్నవాళ్లు పారేయనక్కర్లేదు. సెల్ల గూడును విప్పి రెండు తీగలతో నాలుగు మీటర్లు లోపలికి, నీడకు లాక్కుంటే అదే చార్జర్ బాగా పనిచేస్తుంది.

ప్యానెల్ బ్యాటరీ కాదు

12 వోల్టుల ప్యానెల్‌ను నాలుగు సెల్లకు తగిలిస్తే సెల్లు మాడిపోతాయని భయపడేవాళ్లు ఉన్నారు. 12 వోల్టుల బ్యాటరీని నేరుగా తగిలించి నిజంగానే మాడ్చినవాళ్లూ ఉన్నారు. రెండింటికీ తేడా పెద్దది. బ్యాటరీ తన వోల్టేజీని పట్టుకుని కూర్చుంటుంది, ఎదుటివాడు ఎంత లాగితే అంత కరెంటు ఇస్తుంది. ప్యానెల్ అలా కాదు. దాని మీద పడే వెలుతురు ఎంతో అంత కరెంటే ఇస్తుంది, వోల్టేజీ మాత్రం సెల్లు ఎక్కడికి లాగితే అక్కడికి దిగుతుంది. 10 వాట్ల 12 వోల్టుల ప్యానెల్ నడినెత్తి ఎండలో ఇచ్చేది 0.57 ఆంపియర్ల చుట్టుపక్కల. నాలుగు సెల్లు తగిలించినా ఎనిమిది తగిలించినా అదే కరెంటు. నాలుగు సెల్లు నిండేటప్పుడు 6 వోల్టులే కాబట్టి ఆ 10 వాట్లలో మూడున్నరే వాడుకున్నట్టు. వృథా తప్ప ప్రమాదం కాదు.

అసలు చిక్కు చిన్న ప్యానెల్‌తో వస్తుంది. 6 వోల్టుల ప్యానెల్, నాలుగు సెల్లు అన్నది బజారులో బాగా నడిచే జోడీ. లేబుల్ మీది 6 వోల్టులు ప్యానెల్ 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పటి మాట. 60 డిగ్రీలకు చేరిన ప్యానెల్‌లో పనిచేసే వోల్టేజీ 14 శాతం దాకా పడిపోయి 5.2 దగ్గరకు వస్తుంది. నిండుతున్న నాలుగు సెల్లకు కావలసింది 5.8, కరెంటును ఒక్క వైపుకే పోనిచ్చే డయోడ్‌కు 0.3, మొత్తం 6.1. ఇక కరెంటు ఎక్కడ పోతుంది? మీటరు పెడితే డిసెంబరు పొద్దున 400 మిల్లీ ఆంపియర్లు చూపించిన ఏర్పాటే మే మధ్యాహ్నం వందకు లోపు చూపిస్తుంది. ప్యానెల్ చెడిపోయిందని కొట్టువాడితో తగువు పెట్టుకోవద్దు, ప్యానెల్ బాగానే ఉంది. 6 వోల్టుల ప్యానెల్‌కు మూడు సెల్లే పెట్టండి. నాలుగే కావాలంటే 9 వోల్టుల ప్యానెల్ తీసుకోండి.

నేరుగా కలిపేటప్పుడు మధ్యలో 1ఎన్5819 అనే షాట్కీ డయోడ్ ఒకటి ఉండి తీరాలి, గీత ఉన్న కొస సెల్ల వైపు. అది లేకపోతే పొద్దు గూకాక సెల్లలోని చార్జి ప్యానెల్ గుండా వెనక్కి జారుతుంది. తీగ కూడా చూసుకోవాలి. 0.75 చదరపు మిల్లీమీటర్ల తీగ అయితే ఐదు మీటర్ల దూరానికి, అర ఆంపియర్ దగ్గర పోయేది 0.12 వోల్టు. అదే కాలింగ్ బెల్లుకు వేసే 0.2 తీగ అయితే 0.44 వోల్టు. 6 వోల్టుల ప్యానెల్‌కు ఆ తేడా బరువే.

గంటలు లెక్కపెట్టగలిగే ఏర్పాటు

నేరుగా కలిపితే ఏ రోజు ఎంత చార్జి పోయిందో తెలియదు. పొద్దున వంద, మధ్యాహ్నం ఐదు వందలు, మొగులు అడ్డమొస్తే యాభై. 16 గంటల లెక్క పనికిరావాలంటే కరెంటు నిలకడగా ఉండాలి. దానికి నా మొదటి ఎంపిక, అవసరానికి మించిన పెద్ద ప్యానెల్ పెట్టి కరెంటుకు కట్ట కట్టడం.

కావలసినవి ఇవి: 10 వాట్ల 12 వోల్టుల ప్యానెల్, కరెంటును నిలకడగా ఉంచే ఎల్ఎం317 రెగ్యులేటర్ చిప్, 6.2 ఓముల ఒక వాటు రెసిస్టర్, 1ఎన్4007 డయోడ్ (ఇక్కడ వోల్టేజీ మిగులు ఉంది కాబట్టి మామూలు డయోడే చాలు), నాలుగు లేదా ఆరు సెల్ల గూడు, అరచేయంత అల్యూమినియం రేకు, తీగ. మంచిర్యాల, కరీంనగర్, చంద్రపూర్ లాంటి చోట్ల ఎలక్ట్రానిక్స్ విడిభాగాల కొట్లలో అన్నీ దొరుకుతాయి.

ఎల్ఎం317 మీది అక్షరాలు మన వైపు ఉంచి చూస్తే ఎడమ కాలు అడ్జస్ట్, నడిమి కాలు అవుట్‌పుట్, కుడి కాలు ఇన్‌పుట్. ప్యానెల్ ప్లస్ నుంచి డయోడ్, డయోడ్ గీత కొస నుంచి ఇన్‌పుట్‌కు. అవుట్‌పుట్ కాలికి, అడ్జస్ట్ కాలికి మధ్య రెసిస్టర్. అడ్జస్ట్ కాలి నుంచి సెల్ల ప్లస్‌కు. సెల్ల మైనస్ నేరుగా ప్యానెల్ మైనస్‌కు. ఈ చిప్ ఎప్పుడూ రెసిస్టర్ మీద 1.25 వోల్టులు ఉండేలా చూసుకుంటుంది. 1.25ను 6.2తో భాగిస్తే 0.2 ఆంపియర్, మనకు కావలసిన పదో వంతు అదే. 800 ఎంఏహెచ్ ట్రిపుల్ ఏ సెల్లకు రెసిస్టర్ 15 ఓములు పెడితే 83 మిల్లీ ఆంపియర్లు వస్తుంది. గూట్లో సెల్లన్నీ ఒకదాని వెనక ఒకటి వరుసగా ఉండాలి. పక్కపక్కన జంటలుగా కలిపితే కరెంటు సమంగా పంచుకోవు.

ఆరు సెల్ల కంటే ఎక్కువ వద్దు. ఆరింటికి 9 వోల్టులు, చిప్‌కు 3, డయోడ్‌కు 0.7 కలిపితే 12.7 అవుతుంది. వేడెక్కిన ప్యానెల్ కూడా ఆ మాత్రం ఇస్తుంది. ఎనిమిది పెడితే సరిగ్గా మధ్యాహ్నం తప్ప కరెంటు నిలవదు.

దీని అందం ఏమిటంటే 0.57 ఇవ్వగల ప్యానెల్ నుంచి మనం అడిగేది 0.2 మాత్రమే. ఎండ మూడో వంతుకు తగ్గినా కరెంటు కదలదు. పలచటి మొగులు వచ్చి పోయినా సెల్లకు తెలియదు. మామూలు రోజున పొద్దున ఎనిమిదిన్నర నుంచి మధ్యాహ్నం మూడున్నర దాకా, ఏడు గంటలు నిఖార్సుగా 200 నడుస్తుంది. రెండు రోజులకు 14 గంటలు, మూడో రోజు పొద్దున రెండు గంటలు వేస్తే ఖాళీ సెల్లు నిండినట్టే. ఆ చివరి రెండు గంటలు చల్లటి పూట పడటం కూడా మంచిదే. నిండే ముందు ఘడియలోనే సెల్ ఎక్కువ వేడెక్కుతుంది. సగం వాడిన సెల్లయితే ఒక రోజు చాలు. తేదీ, గంటలు గోడ మీద సుద్దతో రాసుకోండి. జ్ఞాపకం మీద వదిలేస్తే మూడు రోజులు అయిదవుతాయి.

కట్టిన తర్వాత మల్టీమీటరును 10 ఆంపియర్ల రంధ్రంలో పెట్టి సెల్ల ప్లస్ దారిలో వరుసగా కలిపి చూడండి. 190, 210 మధ్య ఉంటే సరే. పనైపోగానే మీటరు తీగను వోల్టుల రంధ్రానికి మార్చండి. మరిచిపోయి అలాగే సెల్ వోల్టేజీ చూడబోతే సెల్ షార్టవుతుంది.

ఒక జాగ్రత్త ఉంది. మిగిలిన వోల్టేజీ అంతా చిప్ దగ్గర వేడిగా మారుతుంది. నాలుగు సెల్లు ఉంటే 13 వోల్టులు, 0.2 ఆంపియర్, అంటే 2.6 వాట్లు. రేకు బిగించకపోతే చిప్ తనంతట తానే ఆగిపోతుంది, కరెంటు వస్తూ పోతూ ఉంటుంది. చిప్ వీపు అవుట్‌పుట్‌కు కలిసి ఉంటుంది కాబట్టి ఆ రేకు మరే లోహానికీ తగలకూడదు. సెల్ల గూడుకు, దీనికి మధ్య కనీసం అడుగు దూరం ఉంచండి. సెల్లను నీడకు తెచ్చి పక్కనే పొయ్యి పెట్టుకున్నట్టు కాకూడదు.

ఇంకొంచెం నిశ్చింత కావాలంటే 45 డిగ్రీల కేఎస్‌డీ9700 థర్మల్ స్విచ్, మామూలుగా కలిసి ఉండి వేడెక్కితే తెగే రకం, సెల్ల మధ్య ఇరికించి ప్లస్ దారిలో కలపండి. సెల్లు నిండి వేడెక్కితే తెంచేస్తుంది. నడివేసవిలో మధ్యాహ్నం గాలి వేడికే తెగిపోయి సాయంత్రం దాకా కలవకపోవచ్చు. అది లోపం కాదు, ఆ వేడిలో చార్జింగ్ ఆగడమే సరైనది. ఆగిన గంటలు లెక్కలోంచి తీసేయండి.

స్మార్ట్ చార్జర్‌కు మొగులు అర్థం కాదు

మంచి చార్జర్ ఒక్కో సెల్‌ను విడిగా చూస్తుంది. సెల్ నిండగానే దాని వోల్టేజీ పెరగడం ఆగి, 5 నుంచి 10 మిల్లీ వోల్టులు కిందికి దిగుతుంది. చార్జర్ పట్టుకునేది ఆ చిన్న దిగుడునే. ఇప్పుడు ఆ చార్జర్‌ను యూఎస్‌బీ ప్యానెల్‌కు నేరుగా తగిలించారనుకోండి. మొగులు అడ్డం వచ్చి కరెంటు తగ్గితే సెల్ వోల్టేజీ కూడా దిగుతుంది. సెల్ నిండిందనుకుని సగంలోనే ఆపేసే చార్జర్లు కొన్ని. కరెంటు పూర్తిగా పోయి మళ్లీ రాగానే అంతా మరిచిపోయి మొదటి నుంచి మొదలుపెట్టేవి ఎక్కువ. టైమరు కూడా సున్నా నుంచి మొదలు. ఆకాశంలో తెల్ల మబ్బులు తేలే రోజున ఇలా ఇరవై సార్లు జరిగితే నిండిన సెల్‌కు ఇరవై సార్లు ఎక్కువ చార్జి పోసినట్టే. సెల్లు రోజూ ఆకుపచ్చ లైటు చూపిస్తూనే త్వరగా ముసలివైపోతాయి.

అందుకే చార్జర్‌కు, ప్యానెల్‌కు నడుమ ఒక నిలవ ఉండాలి. 20 వాట్ల ప్యానెల్, బ్యాటరీ మించి నిండకుండా చూసే చిన్న పీడబ్ల్యూఎం చార్జ్ కంట్రోలర్, యూపీఎస్‌లలో వాడే 12 వోల్టుల 7 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు) సీల్డ్ బ్యాటరీ, కారులో పెట్టే యూఎస్‌బీ అడాప్టర్, దానికి చార్జర్. లెక్క చూద్దాం. 2000 ఎంఏహెచ్ సెల్లు నాలుగు నిండడానికి సెల్లలోకే 14 వాట్ అవర్లు పోవాలి. చార్జర్‌లో, అడాప్టర్‌లో, బ్యాటరీలో పోయేవి కలిపితే ప్యానెల్ నుంచి 30 వాట్ అవర్లు రావాలి. ఐదు గంటల నిండు ఎండకు, వేడికీ దుమ్ముకూ 30 శాతం తీసేసినా 20 వాట్ల ప్యానెల్ 70 ఇస్తుంది. 7 ఏహెచ్ బ్యాటరీలో 84 వాట్ అవర్లు ఉంటాయి, సగం మించి వాడకుండా ఉంటే అది కూడా కొన్నేళ్లు వస్తుంది. అంటే ఒక రాత్రికి నాలుగు సెల్లు, ఇంకా కాస్త మిగులు.

బ్యాటరీ ఖర్చు వద్దనుకుంటే 10000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు చాలు. పగలు యూఎస్‌బీ ప్యానెల్‌తో అది నిండుతుంది, రాత్రి దాంతో నాలుగు సెల్లు నింపుకోవచ్చు. పవర్ బ్యాంకును మాత్రం ఎండలో ప్యానెల్ వెనక జేబులో పెట్టకండి. లోపలి లిథియం సెల్లకు 45 డిగ్రీలు దాటిన చార్జింగ్ నికెల్ కంటే ప్రమాదం.

ఈ దారిలో పెద్ద లాభం నా దృష్టిలో రాత్రి చార్జింగే. ఏప్రిల్, మే నెలల్లో రాత్రి పది దాటాక గాలి పగటి కంటే పదీ పదిహేను డిగ్రీలు చల్లగా ఉంటుంది. చల్లటి సెల్ బాగా నిండుతుంది. నిండినప్పుడు ఆ మిల్లీ వోల్టుల దిగుడు కూడా స్పష్టంగా కనపడుతుంది.

చార్జర్‌లో కరెంటు ఎంచుకునే వీలుంటే 200 పెట్టి సెల్‌కు మేలు చేశామనుకోవద్దు. అంత నెమ్మదిలో వోల్టేజీ దిగుడు దాదాపు ఉండదు, చార్జర్ పసిగట్టలేక పోస్తూనే ఉంటుంది. 2000 ఎంఏహెచ్ సెల్‌కు 700 నుంచి 1000 పెట్టాలి. నెమ్మది చార్జింగ్ అంటే గంటల లెక్కతో, స్మార్ట్ చార్జింగ్ అంటే తగినంత కరెంటుతో. ఈ రెండూ కలపకూడదు. రెండేసి సెల్లను జంటగా నింపే చవక చార్జర్లు కొనకండి, జంటలో ఒకటి ఎప్పుడూ ఎక్కువ తాగుతుంది.

ప్యానెల్ వాలు, సెల్ల చోటు

సిరొంచ సుమారు 19 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏడాది పొడవునా కదపకుండా ఉంచాలంటే ప్యానెల్ దక్షిణం వైపు 19 డిగ్రీలు వాలాలి. 30 సెంటీమీటర్ల పొడవున్న ప్యానెల్‌కు ఉత్తరపు అంచును 10 సెంటీమీటర్లు ఎత్తితే ఆ వాలు వస్తుంది. చలికాలంలో 17 సెంటీమీటర్లు ఎత్తితే ఇంకా మంచిది. మే నడుమ మధ్యాహ్నం పొద్దు మనకు సరిగ్గా నెత్తి మీదే ఉంటుంది.

ఆ నెలల్లో నేరుగా నింపేవాళ్లకు ఒక కిటుకు: ప్యానెల్‌ను తూర్పుకు తిప్పి 30 డిగ్రీలు వాల్చండి. పొద్దున ఏడు నుంచి పదకొండు దాకా గట్టిగా పనిచేస్తుంది. పదకొండుకు సెల్లు తీసేయండి. రెండు రోజుల పని నాలుగు పొద్దులు పడుతుంది, పట్టనివ్వండి.

సెల్ల చోటు విషయంలో రేకుల ఇంటికి, గూన పెంకుల ఇంటికి తేడా చాలా ఉంది. రేకుల కింద అటక మీద మధ్యాహ్నం 50 డిగ్రీలు అవుతుంది. నేల మీద, మట్టిగోడ వారగా, నీళ్ల రంజన్ పక్కన పెడితే చాలా తేడా వస్తుంది. రంజన్‌కు ఆనించి కాదు, తడి తగలకుండా జానెడు దూరంలో, పొడి మూకుట్లో. సెల్లను మూత గట్టి డబ్బాలో బిగించి చార్జ్ చేయకూడదు. వాల్వు తెరుచుకుంటే వచ్చేది హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసిన గాలి.

సెల్ చేతికి వెచ్చగా తగిలితే నిండినట్టు అని చాలా చోట్ల రాస్తారు. 42 డిగ్రీల గదిలో ఖాళీ సెల్ కూడా ఒంటి కంటే వేడిగానే ఉంటుంది. మన దగ్గర ఇలా చూడాలి: చార్జింగులో లేని సెల్ ఒకటి గూడు పక్కనే పెట్టండి. రెంటినీ ఒకేసారి పట్టుకుంటే నిండిన సెల్ స్పష్టంగా ఎక్కువ వేడిగా ఉంటుంది. ఆ తేడా ముఖ్యం.

ప్యానెల్ అద్దం మీది దుమ్మును వారానికోసారి తెల్లవారుజామున తడిగుడ్డతో తుడవండి. మధ్యాహ్నం కాలిన అద్దం మీద చల్లని నీళ్లు పోస్తే పగలొచ్చు. కొండముచ్చులు తిరిగే ఊళ్లలో తీగను గొట్టంలో దింపండి, వేలాడే తీగను అవి వదలవు.

వానకాలంలో లెక్క తలకిందులవుతుంది. వేడి సమస్య పోయి వెలుతురు సమస్య వస్తుంది. ముసురు పట్టిన రోజు ప్యానెల్ ఇచ్చేది నిండు ఎండలో పదో వంతు, ఐదో వంతు. ఎల్ఎం317 ఏర్పాటులో 60, 100 మిల్లీ ఆంపియర్లు నడుస్తుంటాయి. అలాంటి గంటను మీటరు చూసి పావు గంటగానో అర గంటగానో రాసుకోండి. మృగశిర రాకముందే రెండో జత సెల్లు నింపి పక్కన పెట్టుకోవడం మేలు. ఉరుములు మొదలైతే ప్యానెల్ తీగను ఇంట్లోని సామాను నుంచి పీకేయండి.

వాడకంలో చెడేవి

నాలుగు సెల్లు కొన్న రోజే వాటి మీద జత అక్షరం, నెల, ఏడు రాయండి. ఆ నాలుగూ కలిసే వాడాలి, కలిసే నింపాలి. పాతది ఒకటి, కొత్తవి మూడు కలిస్తే టార్చిలో పాతది ముందు ఖాళీ అవుతుంది. మిగతా మూడూ దాని గుండా కరెంటు తోస్తూనే ఉంటాయి కాబట్టి దాని ప్లస్ మైనస్‌లు తిరగబడతాయి. అలా రెండు మూడుసార్లు జరిగితే ఆ సెల్ పని అయిపోయినట్టే. టార్చి వెలుగు మందగించగానే ఆపడం సెల్లకు అన్నిటికంటే మంచి మందు. ఒక్కో సెల్ 1 వోల్టు కంటే కిందికి పోకూడదు.

సెల్ బాగుందో లేదో చూడటానికి ఊరికే మీటరు పెడితే సరిపోదు. నింపిన మర్నాడు 1.35 చూపించే ముసలి సెల్ కూడా ఉంటుంది. 2.2 ఓముల 2 వాట్ల రెసిస్టర్‌ను సెల్‌కు కలిపి అర ఆంపియర్ లాగుతూ వోల్టేజీ చూడండి. 1.2 దగ్గర నిలబడితే మంచిది. నిండిన సెల్ కొన్ని సెకన్లలోనే 1 వోల్టుకు జారితే దాన్ని టార్చిలోంచి తీసి రిమోట్‌లో వేసుకోవచ్చు. నెలల తరబడి ఊరికే పడి ఉన్న సెల్ మొదటిసారి సరిగా నిండకపోతే వెంటనే పారేయకండి. మూడు నాలుగు సార్లు నింపి, 1 వోల్టు దాకా వాడితే చాలావరకు తేరుకుంటుంది.

గోడ గడియారానికి మాత్రం ఈ సెల్లు వద్దు. అది లాగే కరెంటు అతి తక్కువ, మామూలు జింక్ సెల్ ఏడాది పైన నడుస్తుంది. తోట సోలార్ దీపాన్ని చార్జర్‌గా వాడుకునేవాళ్లు కూడా ఉన్నారు. దాని ప్యానెల్ ఇచ్చేది 60 మిల్లీ ఆంపియర్ల లోపే. రోజుకు 300 ఎంఏహెచ్ అనుకున్నా 2000 సెల్ నిండడానికి పది రోజులు పడుతుంది, అది కూడా రాత్రి దీపం ఆర్పి ఉంచితే.

కొస దగ్గర తెల్లటి పొడి కనిపిస్తే సెల్ కారుతోందని అర్థం. కారేది పొటాషియం హైడ్రాక్సైడ్, క్షారం. కంట్లో పడితే చాలాసేపు నీళ్లతో కడిగి డాక్టరు దగ్గరికి పోవాలి. గూడు స్ప్రింగుల మీది పొడిని చేతికి తొడుగు వేసుకుని, నిమ్మరసంలో ముంచిన దూదితో తుడిచి, తడిగుడ్డతో మళ్లీ తుడిచి ఆరబెట్టండి. చచ్చిన సెల్లను, ముఖ్యంగా కాడ్మియం సెల్లను చెత్తతో కలిపి పొలం గట్టున పోయకండి. కాడ్మియం మట్టిలో దిగితే వరి దాన్ని పీల్చి గింజలోకి తెస్తుంది. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన అన్ని రకాల బ్యాటరీలనూ వెనక్కి సేకరించే బాధ్యత తయారీదారులది. కొసలకు టేపు అంటించి గాజు సీసాలో వేసి ఉంచి, పట్నం పోయినప్పుడు ఈ-వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వండి.